బళ్లారి రైతుకు వాన లెక్క కార్తెల్లో చెప్పండి

ఉగాది దగ్గర పడితే బళ్లారి పుస్తకాల అంగళ్లలో రెండు భాషల పంచాంగాలు పక్కపక్కనే కనిపిస్తాయి. గదగ్ నుంచి వచ్చే శాబాదిమఠం పంచాంగం కన్నడంలో ఉంటుంది, సిద్ధాంతుల పేర్లతో అచ్చయ్యే గంటల పంచాంగాలు తెలుగులో ఉంటాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదువుకున్న సరిహద్దు రైతు ఏది కొన్నా ఆయనకు పనికొచ్చే పుట ఒకటే. ఏ కార్తె ఏ రోజు మొదలవుతుంది, ఏ వాన ఎలా ఉంటుంది అని రాసిన పుట అది. ఆయన జేబులో ఫోన్ ఉంది. అందులో పూటపూటకూ మారే వాతావరణ సూచన ఉంది. అయినా పంచాంగం కొనడం మానలేదు.

ఎందుకు మానలేదు అని అడిగితే చదువుకున్నవాళ్ల దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. మూఢనమ్మకం అని ఒకరు కొట్టిపారేస్తారు. పూర్వీకుల విజ్ఞానానికి ఇదే రుజువు అని మరొకరు తలకెత్తుకుంటారు. ఈ ఇద్దరిలో ఎవరూ రైతు ఆ పుటతో ఏం చేస్తున్నాడో చూడలేదు. పంచాంగం ముందే చెప్పే జోస్యం నిజమవుతుందని నమ్మి ఆయన దాన్ని దగ్గర పెట్టుకోలేదు. వానను, సేద్యాన్ని కలిపి లెక్కపెట్టుకోవడానికి ఆయనకు ఒక కాలమానం కావాలి. అది కార్తెల్లో దొరికింది. ప్రభుత్వ వాతావరణ వ్యవస్థ దగ్గర మంచి సమాచారం ఉన్నా ఆ కాలమానంలో చెప్పదు. లోపం రైతు నమ్మకంలో లేదు, మన చెప్పే తీరులో ఉంది.

ముందు పంచాంగాన్ని విడదీసి చూడాలి. ఒకే అట్ట కింద రెండు వేర్వేరు వస్తువులున్నాయి. మొదటిది నవనాయకుల ఫలం. చైత్ర శుద్ధ పాడ్యమి ఏ వారం వస్తే ఆ వారానికి అధిపతి రాజు. మేష సంక్రమణం నాటి వారాధిపతి మంత్రి. సూర్యుడు ఆరుద్రలో ప్రవేశించిన వారాన్ని బట్టి మేఘాధిపతి. వీటి మీద ఆ ఏటి వాన ఎన్ని తూములో, అందులో సముద్రానికి, కొండలకు, భూమికి ఎన్నెన్ని భాగాలో లెక్క కడతారు. ఉగాది సాయంత్రం గుడిలో చదివే పంచాంగ శ్రవణం ఇదే. వినడానికి బాగుంటుంది, నలుగురూ ఒకచోట కూర్చునే సందర్భం అది, దాన్ని వద్దనడానికి నాకు మనసొప్పదు. కానీ వాన సూచనగా దానికి విలువ లేదు. వారానికి ఏడు రోజులే కాబట్టి మేఘాధిపతులూ ఏడుగురే. ఏడాదికి 7 వేల మిల్లీమీటర్లకు పైగా కురిసే శివమొగ్గ జిల్లా ఆగుంబెకు, 500 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కురిసే బళ్లారికి ఒకే మేఘాధిపతి ఒకే ఫలం ఇస్తాడనడం కుదరని మాట. పసిఫిక్ సముద్రం వేడెక్కిన ఏడు మన రుతుపవనం చిక్కిపోయే అవకాశం ఎక్కువ. ఆ సంగతి వారాధిపతికి తెలియదు.

రెండో వస్తువు కార్తెల పట్టిక. దీనికీ జోస్యానికీ పుట్టుకలోనే సంబంధం లేదు. సూర్యుడు 27 నక్షత్రాల మీదుగా ఏడాదికి ఒక చుట్టు తిరుగుతాడు. ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు ఒక కార్తె. మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో, ఉత్తర సెప్టెంబర్ 13 ప్రాంతంలో, హస్త సెప్టెంబర్ 27 ప్రాంతంలో వస్తాయి. ఒక రోజు అటూ ఇటూ తప్ప ఏటా ఇంతే. చాంద్రమాన మాసాలు అలా నిలవవు. ఏరువాక పున్నమినే చూడండి. బళ్లారి పల్లెల్లో ఆ రోజు కార హుణ్ణిమె. కన్నడ ఇంట్లోనూ తెలుగు ఇంట్లోనూ ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి ఊరేగించే పండుగ. అది 2025లో జూన్ 11న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం పడటంతో జూన్ నెలాఖరుకు జరిగిపోయింది. పండుగ రెండున్నర వారాలు కదిలినా మృగశిర కదల్లేదు. రుతువు సూర్యుడి వెంట నడుస్తుంది కాబట్టి సేద్యానికి సూర్యమానమే కావాలి. పండుగలకూ పెళ్లిళ్లకూ చంద్రుణ్ని పట్టుకున్న సమాజమే విత్తనానికి మాత్రం సూర్యుణ్ని పట్టుకుంది. మన రైతులు ఎంచుకున్న గడియారం సరైనది. ఈ మాట గట్టిగా చెప్పినవాళ్లు తక్కువ.

ఇక బళ్లారి సంగతి. ఈ నేల వానల తీరు తెలియకుండా ఇక్కడి కార్తెల విలువ తెలియదు. పశ్చిమ కనుమలు దాటి వచ్చేసరికి నైరుతి మేఘంలో చెమ్మ చాలావరకు అయిపోతుంది. జూన్‌లో తొలకరి పలకరిస్తుంది, జులైలో గాలి తప్ప వాన ఉండని రోజులే ఎక్కువ. ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ వాన పడే నెల సెప్టెంబర్, దాని తర్వాత అక్టోబర్. అంటే పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందన్న సామెత తెలుగునాట అంతటా ఉంది. తెలంగాణలో మృగశిర నాడు చేపలు తినే ఆచారం ఉంది. బళ్లారి మెట్ట రైతు ఆ సామెతను అంటాడు కానీ, ఆయన బతుకు ఆధారపడే కార్తె అది కాదు.

సండూరు వైపు, రాయదుర్గం వైపు ఎర్రనేలల్లో ముంగారు, అంటే తొలి వానల సేద్యం. చెనిక్కాయ, కొర్ర, సజ్జ అక్కడ ఆరుద్ర, పునర్వసు పదునుకు పడతాయి. బళ్లారి చుట్టూ, ఆలూరు దాకా పరుచుకున్న నల్లరేగడిలో హింగారు, అంటే వెనక వానల సేద్యం. ఎండాకాలం నుంచి గుంటకలు తోలుకుంటూ చేను ఖాళీగా ఉంచుతారు. మఖ, పుబ్బ వానలు ఆ రేగడి తాగి దాచుకోవాలి. మఖ వాన ఎంత కురిస్తే అంత మంచిది, ఇంటి బిడ్డ ఎంత తింటే అంత మంచిది అని ఇక్కడి కన్నడ సామెత. ఆ దాచుకున్న తేమ మీద జొన్న, శనగ వేస్తారు. ఆ తర్వాత ఒక వాన వచ్చినా రాకపోయినా పైరు ఆ తేమతోనే గింజ కట్టాలి. కాబట్టి రైతు అడిగే ప్రశ్న ఈ ఏడు దేశంలో సగటు వాన ఎంత అన్నది కాదు. మఖ నుంచి ఉత్తర లోపల నా రేగడి నిండుతుందా, నిండితే హస్తకు ముందు గొర్రు నడిచేంత పదును ఆరుతుందా అన్నదే. నీళ్లు నిండిన రేగడిలో ఎద్దు కాలు దిగబడుతుంది, గొర్రు నడవదు. ఆరిపోతే విత్తనం మొలవదు. ఈ రెంటి మధ్య ఉన్న కొద్ది రోజులే ఆయన ఏడాది.

ఉత్తర చూసి ఎత్తర గంప అనే సామెత ఈ సీమ గుండెలోంచి వచ్చింది. ఉత్తర కార్తె కూడా వట్టిదైతే ఇక ఆశ లేదు, గంప నెత్తిన పెట్టుకుని ఊరు విడవమని దాని అర్థం. ఇందులో దైవం లేదు, జోస్యం లేదు. ఫలానా తేదీ దాటితే ఏ పంటా రాదని, ఉన్న గింజలు తిని కూర్చోకుండా వేరేచోట కూలి వెతుక్కోమని చెప్పే కఠినమైన లెక్క అది. ఈ రోజుల్లో నిపుణులు దీన్నే గడువు తేదీ అంటారు, పంటల బీమాలోనూ ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికలోనూ పెడతారు. అక్షరం రాని కుటుంబం కూడా గుర్తుంచుకునేలా నాలుగు మాటల్లో పెట్టింది మన పల్లె.

గంప ఎత్తిన జ్ఞాపకం ఈ జిల్లాకు కొత్త కాదు. 1876లో ధాత సంవత్సరంలో వానలు తప్పి మొదలైన కరువు మద్రాసు ప్రెసిడెన్సీని రెండేళ్లు తినేసింది. అతి ఘోరంగా నలిగిన జిల్లాల్లో బళ్లారి ముందు వరసలో ఉంది. జనం దాన్ని ధాత కరువు అనే పిలుచుకున్నారు. ఆ పీడకు తేదీ రాసుకోవడానికి కూడా వాళ్లకు పంచాంగమే దిక్కయింది. వాతావరణ శాఖ 1875లోనే పుట్టింది. కానీ రాబోయే రుతువు వాన ఎలా ఉంటుందో ముందే చెప్పాలన్న ఒత్తిడి దాని మీద పడింది ఈ కరువు తర్వాతే. ఆ శాఖ తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల మంచును రుతుపవనంతో ముడిపెట్టి లెక్కలు కట్టాడు. 1886 నుంచి దేశానికి వాన సూచనలు అధికారికంగా వెలువడటం మొదలైంది. బళ్లారి పల్లెల చావులు వెనకుండి నడిపించిన శాస్త్రం అది. నూట నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ శాస్త్రం బళ్లారి పొలంలోకి సరిగా దిగకపోవడమే నా బాధ.

శాస్త్రం కూడా తప్పింది, ఆ మాట దాచకూడదు. 2002లో దేశంలో సగటులో 101 శాతం వాన పడుతుందని శాఖ చెప్పింది. పడింది 81 శాతం. ఆ జులైలో దేశం వాన దాదాపు సగం పోగొట్టుకుంది. 2004లోనూ కరువును ముందే చెప్పలేకపోయింది. ఆ తర్వాత పద్ధతులు మార్చుకుంది, సముద్రాన్నీ వాతావరణాన్నీ కలిపి లెక్కించే నమూనాలు తెచ్చుకుంది, సూచనలు మెరుగయ్యాయి. తప్పు చేసి, ఆ తప్పును కొలిచి, దిద్దుకోవడం శాస్త్రానికి తెలుసు. మేఘాధిపతి ఫలం ఏ ఏడు ఎంత తప్పిందో ఎవరూ కొలవరు కాబట్టి దాన్ని దిద్దుకునే దారి లేదు. ఈ తేడాను రైతుకు చెప్పాల్సింది పోయి, ఏప్రిల్‌లో దేశానికంతటికీ ఒక శాతం అంకె చెప్పి ఊరుకుంటే ఆయన ఆ అంకెను ఏం చేసుకోవాలి? దేశం సగటు బాగున్న ఏడు కూడా బళ్లారిలో ఉత్తర ఎండిపోవచ్చు.

బళ్లారి శాస్త్రవేత్తలు చేసిన మేలు ఇక్కడ చెప్పాలి. 1930లలో దేశంలో మెట్ట సేద్యం మీద పరిశోధనకు ఎంచుకున్న ఐదు చోట్లలో వేదావతి ఒడ్డున ఉన్న హగరి ఒకటి. 1954లో బళ్లారిలో నేల సంరక్షణ పరిశోధన కేంద్రం పెట్టారు. 1970లో అఖిల భారత మెట్ట వ్యవసాయ పథకం మొదలయ్యాక బళ్లారి, బీజాపూర్ కేంద్రాలు ఒక విలువైన సంగతి తేల్చాయి. హింగారు జొన్నను అక్టోబర్ దాకా ఆపకుండా సెప్టెంబర్‌లోనే వేస్తే దిగుబడి బాగా పెరుగుతుంది. కారణం సులువు. అక్టోబర్ తర్వాత పై నుంచి వాన పెద్దగా ఉండదు. ఆలస్యంగా వేసిన పైరు కంకి వేసే వేళకు రేగడిలో తేమ అయిపోతుంది. ముందు వేసిన పైరు ఆ తేమ ఉండగానే గింజ కట్టేస్తుంది. ఈ సంగతిని పరిశోధన పత్రాల్లో వారాల అంకెల్లో రాశారు. పొలంలో చెప్పాల్సిన మాట మాత్రం ఒక్కటే: హస్త కోసం కాచుకోకండి, ఉత్తర పదును దొరికితే జొన్న దించేయండి. ఆ మాట అలా చెప్పినప్పుడే తరాల అలవాటుతో అది నేరుగా తలపడుతుంది. హస్త, చిత్తలే జొన్నకు మంచివని తాత చెప్పిన రైతుకు ఏ కార్తెను ఏ కార్తెకు మార్చుకోవాలో అప్పుడే తెలుస్తుంది. కార్తెల్లో చెప్పడం పాతను కాపాడటానికే అనుకోనక్కర్లేదు. పాతను మార్చడానికీ అదే దారి.

ఇది నా ఊహ కాదనడానికి తెలుగు జిల్లాల్లో సాక్ష్యం ఉంది. ఒకప్పుడు బళ్లారి జిల్లాలో భాగమై, 1882లో విడిపోయిన అనంతపురంలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ జేవియర్ జినే, రాబర్ట్ టౌన్సెండ్, జేమ్స్ వికెరీ అనే ఆర్థికవేత్తలు రైతుల అంచనాలను అధ్యయనం చేశారు. వాన ఎప్పుడు వస్తుందనుకుంటున్నారని తేదీల్లో అడగకుండా కార్తెల గడులు గీసి, చేతికి రాళ్లిచ్చి, ఏ కార్తెలో ఎంత అవకాశం ఉందో అన్ని రాళ్లు పెట్టమన్నారు. రైతులు పెట్టారు. వాన మీద ఎక్కువగా ఆధారపడినవాళ్ల అంచనాలు నిజానికి మరింత దగ్గరగా ఉన్నాయని, ఆ అంచనాలను బట్టే విత్తే సమయం ఎంచుకుంటున్నారని తేలింది. సంభావ్యత అంటే పల్లె రైతుకు అర్థం కాదన్నది అధికారుల అపోహ. కార్తెల గడిలో పెడితే ఆయనకు అది బాగా అర్థమవుతుంది. విదేశాల నుంచి వచ్చిన ఆర్థికవేత్తలకు తట్టిన ఈ సంగతి మన జిల్లా కార్యాలయాలకు ఎందుకు తట్టలేదు?

పైగా కార్తె నిడివి నేటి శాస్త్రానికి బాగా అతికే నిడివి. వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే నాలుగు వారాలకు విస్తృత సూచన ఇస్తుంది. రెండు వారాలంటే ఒక కార్తె. రుతుపవనం ఊపందుకోవడం, బెట్ట పట్టడం కూడా వారాల లెక్కలోనే నడుస్తాయి. రేపటి ఉరుము సూచన కల్లం మీద ఎండబెట్టిన మిరపకాయకు పనికొస్తుంది, విత్తనం కొనాలా వద్దా అన్న నిర్ణయానికి చాలదు. ఆ నిర్ణయానికి కావలసింది రాబోయే కార్తె ఎలా ఉంటుందన్న మాటే. 2025 ఖరీఫ్‌లో కేంద్ర వ్యవసాయ శాఖ కృత్రిమ మేధ నమూనాలతో రుతుపవనం రాకను ముందుగా లెక్కగట్టి 13 రాష్ట్రాల్లో సుమారు 3.8 కోట్ల మంది రైతులకు సందేశాలు పంపింది. మంచి అడుగు. అలాంటి సందేశం బళ్లారి రైతుకు అందే నాటికి అందులో 'ఆరుద్ర మొదటి వారంలో' అనే మాట ఉండాలి.

సరిహద్దు వల్ల వచ్చిన చిక్కు ఒకటుంది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, మిగిలినవి మైసూరుకు వెళ్లాయి. అప్పటి నుంచి ఒకే మేఘానికి రెండు కార్యాలయాలు. రాయదుర్గం వానను రాయలసీమ లెక్కలో అమరావతి చెబుతుంది, బళ్లారి వానను కర్ణాటక లెక్కలో బెంగళూరు చెబుతుంది. మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ సలహా ఒకవైపు తెలుగులో, ఒకవైపు కన్నడంలో ఉంటుంది. గట్టుకు అటూ ఇటూ పొలాలూ బంధువులూ ఉన్న కుటుంబాలకు రెండూ సగం సగమే అందుతాయి. ఇది చాలదన్నట్టు జిల్లా స్థాయిలో ఈ సలహాలు తయారు చేసే 199 యూనిట్లను 2024లో దేశవ్యాప్తంగా మూసేశారు. పొలానికి దగ్గరగా ఉండాల్సిన గొంతును దూరం చేసిన నిర్ణయం అది. తప్పు నిర్ణయం. ఆ ఖాళీలో రైతు చేతికి ఏది దొరుకుతుంది? పంచాంగమో, యూట్యూబ్‌లో ఎవరో చెప్పే వాన జోస్యమో దొరుకుతుంది. ఉమ్మడి బళ్లారిలో భాగంగా ఉండి 2021లో విజయనగర జిల్లాకు వెళ్లిన మైలారలో ఏటా కారణికోత్సవం జరుగుతుంది. గొరవయ్య అనే భక్తుడు ఎత్తైన విల్లెక్కి దేవుడి మాటగా పలికే ఒక్క వాక్యం కోసం లక్షల జనం ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఆ వాక్యంలో వాన ఉందా, పంట ఉందా అని తర్వాత రోజులకొద్దీ విడమరుచుకుంటారు. వాన గురించి ఒక నమ్మదగిన మాట కోసం ఈ సీమ ఎంత ఆకలితో ఉందో అక్కడ చూస్తే తెలుస్తుంది. ఆ భక్తిని తప్పు పట్టే హక్కు నాకు లేదు. ఆ ఆకలిని తీర్చని యంత్రాంగాన్ని మాత్రం తప్పు పడతాను.

కాలువ కింది సేద్యం గురించి ఒక మాట. సిరుగుప్ప, కంప్లి వరి రైతుకు కార్తె కన్నా తుంగభద్ర నీటి సలహా సంఘం తీర్మానమే పంచాంగం. నీళ్లు వదిలే తేదీని బట్టి నారు పోస్తాడు. అయితే 2024 ఆగస్టు 10 రాత్రి డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆ రైతు కూడా ఆకాశం వంక చూశాడు. మఖ, పుబ్బ వానలు పైన మలెనాడులో పడి జలాశయం మళ్లీ నిండుతుందా అన్నదే ఆ రోజుల్లో అందరి నోటా ప్రశ్న. కాలువ ఉన్నచోట కార్తె వెనక్కు తగ్గుతుంది, కాలువ వట్టిపోయిన నాడు మళ్లీ ముందుకొస్తుంది.

కార్తెల మీద రెండు గట్టి ఆక్షేపణలున్నాయి. ఒకటి ఖగోళం నుంచి వస్తుంది. పంచాంగం నక్షత్రాలను బట్టి సంవత్సరాన్ని కొలుస్తుంది, రుతువులు విషువత్తును బట్టి నడుస్తాయి. రెంటి మధ్య ఏటా సుమారు 20 నిమిషాల తేడా. 70, 72 ఏళ్లకు ఒక రోజు, వెయ్యేళ్లకు 14 రోజులు, అంటే ఇంచుమించు ఒక కార్తె. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో వేసిన పంచాంగ సంస్కరణ సంఘం 1955 నివేదికలో ఈ లోపాన్నే ఎత్తి చూపింది. విషువత్తుతో మొదలవ్వాల్సిన సౌర సంవత్సరం మూడు వారాలకు పైగా వెనకబడి ఏప్రిల్ మధ్యకు జరిగిందని చెప్పింది. ఇది నిజం. వరాహమిహిరుడి కాలం నాటి వర్ష సూత్రాలను నేటి కార్తెలకు అతికించడం అందుకే చెల్లదు. కానీ మన సామెతలు అంత పాతవి కావు. నేటి తెలుగులో, నేటి కన్నడంలో ఉన్నాయంటే కొన్ని వందల ఏళ్లవి. మూడు వందల ఏళ్లకు జరిగేది నాలుగు రోజులే. ఆ మేరకు వాటిని నమ్మవచ్చు.

రెండోది అంతకంటే బలమైనది. వానే మారిపోతోంది. వేడెక్కిన గాలి ఎక్కువ చెమ్మ మోస్తుంది. ఒక్కరోజులో కుండపోత, ఆ వెంట పొడుగాటి బెట్ట అనే తీరు పెరుగుతోంది. 2023లో కర్ణాటక తన 236 తాలూకాల్లో 223 కరువు తాలూకాలని ప్రకటించింది. తాతల నాటి సామెత ఇలాంటి ఏడు దారి చూపదు. నిజమే. అందుకే సామెతను అలాగే వదిలేయకుండా ఈనాటి అంకెలతో నింపాలంటున్నాను. కర్ణాటక ప్రకృతి వైపరీత్యాల పర్యవేక్షణ కేంద్రం పంచాయతీ స్థాయిలో తనంతట తానే లెక్క పంపే వర్షమాపకాలు 6 వేలకు పైగా పెట్టింది. దేశంలో ఇంకే రాష్ట్రమైనా నేర్చుకోదగ్గ పని అది. ఆ లెక్కలను నెలల వారీగా కాక కార్తెల వారీగా పేర్చి చూస్తే గడిచిన ఏళ్లలో కురుగోడులో ఉత్తర ఎన్నిసార్లు తప్పింది, హస్త ఎన్నిసార్లు ముంచింది అన్నది ప్రతి ఊరికీ తెలుస్తుంది. అలాంటి పట్టిక ముందుంటే మారిన వానను రైతే కళ్లతో చూస్తాడు.

ప్రభుత్వ శాఖ కార్తెల పేర్లు వాడితే జ్యోతిషానికి ముద్ర వేసినట్టవుతుందని హేతువాద మిత్రులు సందేహిస్తారు. వారి జాగ్రత్తను గౌరవిస్తాను, కానీ ఆ సందేహం ఇక్కడ వర్తించదు. సాహా సంఘం సిఫారసుతో 1957 మార్చి 22 నుంచి జాతీయ కాలెండర్ అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి రాష్ట్రీయ పంచాంగాన్ని తెలుగు, కన్నడం సహా అనేక భాషల్లో వెలువరిస్తున్నది ప్రభుత్వమే. ఇప్పుడు దాన్ని తయారు చేసే కోల్‌కతా పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ సాక్షాత్తూ వాతావరణ శాఖలో భాగం. పంచాంగాన్ని లెక్కించే శాఖే వాననూ లెక్కిస్తోంది, ఆ రెండు లెక్కలనూ ఒక కాగితం మీదకు తేలేదు. అమెరికాలో 1792 నుంచి వస్తున్న ఓల్డ్ ఫార్మర్స్ అల్మనాక్‌ను అక్కడి రైతులు నేటికీ కొంటారు. దాని ఏడాది వాతావరణ జోస్యాన్ని శాస్త్రవేత్తలు ఒప్పుకోరు. అయినా మంచు ఆగే తేదీలు, సూర్యోదయాలు, విత్తే వేళలు ఒకచోట దొరుకుతాయని ఇంట్లో ఉంచుకుంటారు. వాడుకలో నిలిచేది ఆ భాగమే.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుతున్నాను. బళ్లారి, విజయనగర, అనంతపురం, కర్నూలు జిల్లాలకు కలిపి, రెండు రాష్ట్రాల వాతావరణ కేంద్రాలూ రాయచూరు, గుంటూరు వ్యవసాయ విశ్వవిద్యాలయాలూ ఉమ్మడిగా ఒక కార్తె సూచన ఇవ్వాలి. ప్రతి కార్తె మొదలయ్యే నాలుగు రోజుల ముందు, ఒకే కాగితం మీద కన్నడం ఒకవైపు, తెలుగు ఒకవైపు. అందులో మూడు మాటలు చాలు: ఈ కార్తెలో ఈ తాలూకాకు మామూలుగా ఎంత వాన, ఈసారి పదును వాన పడే అవకాశం పదింట ఎన్ని పాళ్లు, ఎర్రనేలకూ రేగడికీ చేయాల్సిన పని ఏమిటి. తప్పిన సూచనను కూడా తర్వాతి కాగితంలో ఒప్పుకోవాలి. లెక్క తప్పినప్పుడు చెప్పేవాడినే రైతు మళ్లీ నమ్ముతాడు. మూసేసిన జిల్లా యూనిట్లను తెరవాలి. ఈ పని చేయడానికి మనుషులు కావాలి.

పంచాంగ కర్తలకూ ఒక విన్నపం. మేఘాధిపతి ఫలాన్ని తీసేయమని అడగను. దాని ఎదుటి పుటలో మీ తాలూకా కార్తెల వారీ సగటు వానను అచ్చు వేయండి. బళ్లారి రైతు ఏటా డబ్బు పెట్టి కొనే వ్యవసాయ ప్రచురణ మీదే. వర్షమాపకాల లెక్కలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి, అడిగితే ఇవ్వాల్సిన బాధ్యత దానిది. రెండు రాష్ట్రాల వ్యవసాయ శాఖలు కార్తె పట్టికను ఈ హింగారు లోపలే సిద్ధం చేసి, వచ్చే ఉగాది పంచాంగాలు అచ్చుకు వెళ్లేలోగా వారి చేతికి అందించాలి.